అచ్ఛీ అమ్మా

మా ఇంట్లో మూడు పుస్తకాలుండేవి. ఒకటి ఖురాన్. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఎవరి చెయ్యీ తగలకుండా గూట్లో పైన పెట్టేవాళ్లు. అమ్మ రోజూ ఫజర్ నమాజయ్యాక దాన్ని దించి చదివేది. అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదవడమే కాని అర్థం తెలీదు. రెండోది అబ్బా కొలతల పుస్తకం. మా అబ్బా దర్జీ. ఊళ్లో కాపుల చొక్కాలు, మాలపల్లె పిల్లల నిక్కర్లు, బ్రాహ్మల ఇళ్లల్లో జాకెట్లు, అందరి చేతుల పొడవూ అందరి నడుముల చుట్టుకొలతా తెలుగంకెల్లో రాసి ఉండేవి. మూడోది అట్ట ఊడిపోయిన తెలుగు పుస్తకం. అమ్మ ట్రంకుపెట్టెలో, పెళ్లి షరారా కింద ఉండేది. అమ్మ అర్థం తెలిసి చదివిన పుస్తకం మా ఇంట్లో అదొక్కటే.

‘ప్రసూతి - శిశుపోషణ’ దాని పేరు. రాసింది డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ.

మా నానీకి ఏ చదువూ రాదు. అమ్మ అరుగు మీద కూర్చుని ఆ పుస్తకం తెలుగులో చదివి, ఉర్దూలోకి మార్చి చెప్తుంటే వినేది. ఉర్దూ అంటే హైదరాబాదు వాళ్లు ఒప్పుకునే ఉర్దూ కాదులెండి. మా గోదావరి ఒడ్డు తురకం. సగం క్రియలు ఉర్దూవి, సగం నామవాచకాలు తెలుగువి. ‘అచ్చమాంబ’ అన్న పేరు నానీ చెవికి అచ్చమాంబగా ఆనలేదు. ‘అచ్ఛీ అమ్మా’ అని వినిపించింది. మంచి తల్లి అని. అలాంటి పేరు ముసల్మానులకే ఉంటుందని నానీ నమ్మకం. ఎక్కడో బెజవాడలో మన బీబీ ఒకావిడ డాక్టరు చదివి, మన పిల్లల కోసం పుస్తకం రాసిందనుకుంది. “క్యా లిఖీ గే అచ్ఛీ అమ్మా?” అని అడిగేది సాయంత్రమైతే చాలు. అమ్మ ఎప్పుడూ ఆ పొరపాటు దిద్దలేదు. ఎందుకు దిద్దలేదో నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

ఆ పుస్తకం మా ఇంటికి ఆలస్యంగా వచ్చింది.

నాకంటే ముందు అమ్మకు అక్క, తర్వాత ఒక అన్న. అన్నను నేను చూడలేదు. 1974 వానాకాలంలో వాడికి ఏడాదిన్నర వయసు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాజోలు తాలూకా అంతా ఇంటి వెనక కాలవే, ఇంటి ముందు బోదే. తాగేదీ ఆ నీళ్లే, గిన్నెలు తోమేదీ ఆ నీళ్లే. నీళ్ల విరేచనాలవుతుంటే నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని పెద్దవాళ్ల మాట. అది మా సాయిబుల మూఢనమ్మకమేం కాదు, ఊరందరి మాటా అదే. వాడు నాలిక బయటపెట్టి గ్లాసు కేసి చెయ్యి చాపుతుంటే అమ్మ గ్లాసు దాచేసింది. తడిగుడ్డతో పెదాలు మాత్రం తుడిచింది. తాయెత్తు కట్టించారు. పీరు దగ్గర ఊదు పొడి తెచ్చి రాశారు. రెండో రోజు సాయంత్రానికి కళ్లు గుంటలు పడ్డాయి. అప్పుడు అబ్బా సైకిల్ మీద సఖినేటిపల్లి రేవుకు తీసికెళ్లాడు, వశిష్ఠ దాటి నరసాపురంలో చూపిద్దామని. వాళ్లు వెళ్లేసరికి ఆఖరి పంటు అవతలి ఒడ్డుకు వెళ్లిపోయింది. ఏరు పోటు మీదుంది, పడవ వాడు రానన్నాడు. అవతల దీపాలు కనిపిస్తూనే ఉన్నాయట. తెల్లవారేలోగా వాడు అమ్మ ఒళ్లోనే పోయాడు.

ఇందులో ఎవర్ని తప్పుపట్టాలి? ఇన్నేళ్లూ ఆలోచించినా నాకు తెలీలేదు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించి ఉంటే చాలావరకు బతికేవాడు. అది కనిపెట్టడానికి ఎవరూ కొత్తగా పుట్టాల్సిన పని కూడా లేదు అప్పటికి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చి, సెలైన్లు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు పోయించి వేల మందిని బతికించారు. తర్వాత 1978లో ‘లాన్సెట్’ పత్రిక ఈ శతాబ్దపు వైద్యంలో ఇదే అన్నిటికంటే ముఖ్యమైంది కావచ్చునని రాసింది. బొంగావ్ శిబిరం నుంచి మా రాజోలుకు ఆ ఉప్పునీళ్లు చేరడానికి మూడేళ్లు చాలలేదు. మూడేళ్లేమిటి, పదేళ్లు పట్టింది.

నేను అమ్మ కడుపులో పడ్డాక, 1978 చివర్లో, పక్కింటి టీచరమ్మ ఆ పుస్తకం తెచ్చిచ్చింది. ఆవిడ ముగ్గురు పిల్లలూ పెద్దవాళ్లయిపోయారు. “బీబీ, నువ్వు ఎనిమిదో క్లాసు దాకా చదివావు కదే, ఇది చదువుకో. అర్థం కాకపోతే నన్నడుగు” అందట. అమ్మ బోర్డు స్కూల్లో తెలుగు మీడియమే చదివింది. అప్పటిదాకా దుకాణం బిల్లులు, సినిమా పోస్టర్లు తప్ప ఆ చదువుతో పనిలేదు. ఇప్పుడు కడుపులో బిడ్డతో, చచ్చిపోయిన బిడ్డను తల్చుకుంటూ ఒక్కో పేజీ చదివింది. మా అక్క చెప్తుంది, అమ్మ కొన్ని పేజీల దగ్గర ఆగిపోయి గోడకేసి చూస్తూ కూర్చునేదని.

నేను పుట్టాక పెద్ద రభస. ముర్రుపాలు పిండి పారబొయ్యాలని నానీ. ముందు తేనె నాకించాలి, మూడో రోజు ఘుట్టీ పొయ్యాలి, తల్లికి మంచినీళ్లు కూడా లెక్కపెట్టి ఇవ్వాలి. అమ్మ మంచం మీంచే పుస్తకం తెప్పించుకుని, తెరిచి, “అచ్ఛీ అమ్మా వద్దంటోంది” అంది. నానీ నోరు మూసుకుంది! అల్లుడు చెప్తే వినదు, టీచరమ్మ చెప్తే “వాళ్ల ఆచారం వేరు” అంటుంది. కాని అచ్ఛీ అమ్మా మనావిడ కదా. నా చెవిలో అజాన్ ఇచ్చారు, నా నోట్లో ముర్రుపాలు పడ్డాయి. రెండూ మా ఇంట్లో ఒకే రోజు జరిగాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ తర్వాత అమ్మకు ఇది అలవాటైపోయింది. నీళ్లు కాచి చల్లార్చాలన్నా అచ్ఛీ అమ్మాయే. సూదిమందు వేయించాలన్నా అచ్ఛీ అమ్మాయే. నన్ను ఆరో క్లాసు దగ్గర బడి మాన్పించేద్దామని మామూ అంటే, “ఆడపిల్లకి చదువు చెప్పించకపోతే పుట్టే పిల్లలకు బలముండదని పుస్తకంలో ఉంది” అని ఒట్టేసి చెప్పింది. పెద్దయ్యాక నేనా పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వెదికాను. ఆ వాక్యం అందులో లేదు. అమ్మ రాసుకున్న పేజీ అది.

మా ఖాలాకు ఇదంతా నోటికొచ్చు. మొగుడు వదిలేస్తే ఇద్దరు పిల్లల్ని నానీ దగ్గర పెట్టి కువైట్ వెళ్లింది. కోనసీమలో ఇలాంటి ఖాలాలు ప్రతి వీధికీ ఉంటారు. మా వాళ్లే కాదు, మాలమాదిగల ఇళ్లల్లో, శెట్టిబలిజల ఇళ్లల్లో కూడా. అక్కడ అరబ్బుల పిల్లలకు పాలు పట్టి, స్నానాలు చేయించి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని, ఇక్కడి పిల్లలకు డబ్బు పంపేది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్లోకి దిగాక, ఒంటి మీద బట్టలతో తిరిగొచ్చింది. వస్తే ఆమె చిన్నకొడుకు ఆమెను గుర్తుపట్టలేదు. ఆ సంగతి ఎప్పుడైనా విడిగా రాయాలి.

నానీ బతికినంత కాలం ఒక్క డాక్టరుకూ చూపించుకోలేదు. మగడాక్టరు ముందు ముసుగు తియ్యదు. ఆ రోజుల్లో పిల్లల డాక్టరని వేరే బోర్డు మా వైపు లేదు. ఆడవాళ్లకీ పిల్లలకీ కలిపి ‘లేడీ డాక్టరు’ అనే ఒకే మాట. ఆ లేడీ డాక్టరు కూడా పట్నంలోనే. మద్రాసులో, విశాఖలో విక్టోరియా రాణి పేరుతో ఆడవాళ్ల ఆసుపత్రులు కట్టారు. విశాఖ దాన్ని ఇప్పటికీ జనం ‘ఘోషా ఆసుపత్రి’ అంటారు. ఎంతమందినడిగినా కాన్పు నొప్పుల ఘోష వల్ల ఆ పేరొచ్చిందనే చెప్తారు. అసలు మాట ఫారసీ ‘గోషా’. మూల, చాటు, పరదా. పరదా మనుషుల కోసం పెట్టిన ఆసుపత్రి. మా మాట తెలుగులోకొచ్చి ఒత్తు తెచ్చుకుని ఏడుపయి కూర్చుంది! గుంటూరు సంగతీ అంతే. 1883లో అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరు చదువు పూర్తిచేసిన మనిషి. అయినా మిషన్ వాళ్లు మొదట ఆమెను జనానాల్లో చదువు చెప్పే పనికే పంపించారు. ఇళ్లల్లోకి వెళ్లి చదువు చెప్తూ మందులిచ్చింది. ఆస్పత్రి తెరవడానికి 1898 దాకా పట్టింది. పరదా వెనకున్న ఆడదాని దగ్గరికి పోవడానికి ఆడదే కావాలని అందరికీ తెలుసు. మరి ఆ పరదా వెనక నుంచే ఒక డాక్టరు ఎందుకు రాకూడదు? అని అడిగినవాళ్లు తక్కువ.

నేనడిగాను. చిన్నప్పుడు ఎవరేమడిగినా డాక్టరవుతాననేదాన్ని, అచ్ఛీ అమ్మాలాగా. 1996 నవంబరు 6న తుపాను వచ్చినప్పుడు నేను ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సముద్రం వైపు ఊళ్లల్లో వందల మంది పోయారు. తర్వాత వారం, ఊళ్లో మళ్లీ వాంతులు, విరేచనాలు. అమ్మ మసీదు పక్క స్కూల్లో పొయ్యి పెట్టించి, బిందెలో నీళ్లు కాయించి, ఉప్పూ పంచదారా కొలిచి కలిపి, ఇంటింటికీ పంచింది. చెంచా లెక్క తప్పితే ఒప్పుకునేది కాదు. మాలపల్లె, కాపులవీధి, సాయిబులపేట అని చూళ్లేదు. ఒక్కో పిల్లాడు తాగుతుంటే ఆ గ్లాసు వైపే చూసేది. ఆ చూపు నాకిప్పటికీ మర్చిపోవడానికి వీలవడం లేదు.

ఆ కొబ్బరిచెట్లతోపాటు నా డాక్టరు చదువూ పడిపోయింది. కోచింగ్‌కు డబ్బు లేదు. అబ్బాకు పని తగ్గింది, రెడీమేడ్లు వచ్చేశాయి. ఎంట్రన్సులో నా ర్యాంకుకు ఓపెన్లో సీటు రాదు. ముస్లింలకు అప్పటికి రిజర్వేషన్ లేదు, దూదేకులవాళ్ల లాంటి కొందరికి తప్ప. బి.ఏ.లో చేరాను. చరిత్ర, రాజనీతి, స్పెషల్ తెలుగు. తెలుగులో నాకు ఎక్కువ మార్కులొస్తే ఒక లెక్చరర్ క్లాసులో నిలబెట్టి, “చూడండ్రా, తురకమ్మాయి తెలుగులో ఫస్టు” అని మెచ్చుకున్నాడు. మంచి మనిషే. మెచ్చుకున్నాడా, ఆశ్చర్యపోయాడా?

పత్రిక ఉద్యోగంలో చేరాక అచ్ఛీ అమ్మా ఎవరో తెలుసుకున్నాను. ఒక పాత లైబ్రరీలో ఆమె తండ్రి పేరు చూసి ఉలిక్కిపడ్డాను. కొమర్రాజు లక్ష్మణరావు. బి.ఏ.లో చరిత్ర చదివిన నాకు ఆ పేరు తెలియకపోవడమేమిటి! హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్లలో ఒకరు. విజ్ఞాన చంద్రికా మండలి, విజ్ఞాన సర్వస్వం ఆయనవే. ‘శివాజీ చరిత్ర’ రాశారు. ‘హిందూ మహాయుగము’ రాశారు. ‘మహమ్మదీయ మహాయుగము’ రాశారు. ఈ పేర్లు చదువుతుంటే నాకు స్కూల్లో ఔరంగజేబు పాఠం రోజు గుర్తొచ్చింది. క్లాసంతా వెనక్కి తిరిగి నా మొహం చూసిన రోజు. కాలాన్ని హిందూ, ముస్లిం, బ్రిటిష్ అని మూడు ముక్కలు చేసింది లక్ష్మణరావు గారు కాదు. 1817లో జేమ్స్ మిల్, ఇండియా మొహం చూడకుండానే, లండన్లో కూర్చుని రాసిన చరిత్రలో కోసిన కోత అది. తర్వాత అందరూ ఆ గీత వెంటే కోశారు. మా అబ్బా అయితే అంటాడు, కోత తప్పయితే ఎంత బాగా కుట్టినా చొక్కా సరిగా కూర్చోదని. అయినా లక్ష్మణరావు గారి మీద నాకు కోపం నిలవలేదు. తెలుగు చదివే మామూలు జనానికి చరిత్రా, సైన్సూ అందాలని అంత ఆరాటపడిన మనిషి మరొకరు అరుదు. ఆ ఆరాటమే కూతురు రాసిన పుస్తకమై మా ట్రంకుపెట్టెలోకి వచ్చింది.

ఆ పేరు వెనక ఇంకో మనిషుంది. లక్ష్మణరావు గారి అక్క భండారు అచ్చమాంబ. చిన్నప్పుడే పెళ్లి చేశారు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. ఆమెకు పుట్టిన పిల్లలు చిన్నతనంలోనే పోయారు. ఇతరుల పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకింది. 1905లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ తనూ ఆ జబ్బుతో పోయింది, ముప్పయి దాటీ దాటకుండా. మరుసటేడు, 1906లో, తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. ఆ పేరే పెట్టుకున్నాడు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి పేరు పెట్టుకున్న పిల్ల, డాక్టరయి పిల్లల పోషణ మీద పుస్తకం రాసింది. ఆ పుస్తకం బిడ్డను పోగొట్టుకున్న మా అమ్మ చేతిలో పడింది. నేను ఈ సంగతి అమ్మకు ఫోన్లో చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “అయితే ఆమెకు తెలుసన్నమాట” అంది. ఏం తెలుసని నేనడగలేదు.

రెండో అచ్చమాంబ మద్రాసులో డాక్టరు చదివింది. 1928లో సైమన్ కమిషన్ వస్తే విద్యార్థుల్లో ముందు నిలబడింది. ఇంగ్లండు వెళ్లి పై చదువులు చదివి వచ్చింది. బెజవాడలో ఆసుపత్రి పెట్టింది. నలభైల్లో కమ్యూనిస్టులతో, మహిళా సంఘంతో పనిచేసింది. 1957లో కాంగ్రెసు తరఫున విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచింది. 1964లో పోయింది. పార్టీ మారినందుకు ఆమెను తప్పుపట్టేవాళ్లున్నారు. పట్టనివ్వండి. మా నానీకి రెండు పార్టీలూ తెలీవు.

హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ ఉర్దూ లిపి ఒక మౌల్వీ సాబ్ దగ్గర ఇరవై ఎనిమిదేళ్లకు నేర్చుకున్నాను. నా ఉర్దూ విని తోటి ఉద్యోగులు నవ్వేవాళ్లు. తెలుగువాళ్లేమో, “మీకేంటండీ, నిజాం మీవాడేగా” అనేవాళ్లు. కోనసీమ సాయిబుకి నిజామెక్కడండీ! ఆయన పూర్వీకుడు 1766లోనే మమ్మల్ని సర్కార్లతో సహా ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. ఆ ఊళ్లో నాకు నచ్చిన చోటు ఒకటే, రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి. తొలిసారి వార్త కోసం వెళ్లాను. నిజాం చిన్నకోడలు నిలోఫర్‌కు పిల్లల్లేరు. ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి కాన్పులో చచ్చిపోతే, ఇంకో రఫత్ చావకూడదని పట్టుబట్టి ఆసుపత్రి కట్టించింది. 1953లో తెరిచారు. ఆ వరండాలో పాలమూరు పల్లెల తల్లులూ, పాతబస్తీ బురఖాలూ ఒకే నేల మీద పిల్లల్ని పడుకోబెట్టుకుని ఉంటారు. అక్కడ కూర్చుంటే నాకు మా సఖినేటిపల్లి రేవు గుర్తొస్తుంది. తేడా ఏమంటే, ఇక్కడ పంటు ఉంది.

మా అక్క కూతురు పిల్లల డాక్టరయింది. 2007లో ఇచ్చిన నాలుగు శాతం, బీసీ-ఈ, దాని పుణ్యమే. అంతకుముందు రెండుసార్లు ఇచ్చినట్టే ఇచ్చి కోర్టులో కొట్టేశారు. ఈ నాలుగు శాతం కూడా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తూ వచ్చింది. “రిజర్వేషన్ డాక్టరు” అని మా పిల్లను అన్నవాళ్లున్నారు. అననివ్వండి అని నేననను, నాకు కోపమొస్తుంది. అది రాత్రింబవళ్లు చదవడం నేను చూశాను.

2020 ఏప్రిల్లో అది పీజీ చదువుతూ ఒక పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ చేస్తోంది. ఢిల్లీ మర్కజ్ వార్తలతో టీవీలన్నీ ఊగిపోతున్న రోజులు. నేను పనిచేసే రంగం ఆ రోజుల్లో ఏం రాసిందో, ఎలాంటి హెడ్డింగులు పెట్టిందో నాకు తెలుసు. వాటిలో కొన్ని నా కళ్ల ముందు నుంచే ప్రెస్సుకు పోయాయి. ఒక్కటి మార్పించగలిగాను. మిగతావి మార్పించలేకపోయాను. అలాంటి ఒక రాత్రి రెండేళ్ల బాబును ఫిట్సుతో తెచ్చారు. ఇది దగ్గరికి వెళ్తే, కోటు మీద పేరు చదివి నాయనమ్మ అడిగింది: “ఏమ్మా, నువ్వు సాయిబులమ్మాయివా? వేరే డాక్టరమ్మెవరూ లేరా?” లేరు. ఆ రాత్రి ఆ వార్డుకు ఇదొక్కతే. “లేరమ్మా, బాబును పక్కకు తిప్పి పట్టుకోండి” అని తన పని తను చేసుకుంది. తెల్లవారేసరికి పిల్లాడు లేచి బిస్కెట్ అడిగాడు. రెండ్రోజులకు చీటీ తీసుకుని వెళ్లిపోయారు. థాంక్సూ చెప్పలేదు, తిట్టనూ లేదు. “పిన్నీ, నాకు బాధేసింది ఆవిడ అడిగినందుకు కాదు. అడిగేటప్పుడు ఆవిడ మొహంలో నిజంగా భయముంది. బిడ్డ కోసం భయం” అంది నాతో. ఆ భయాన్ని ఆమెకు అమ్మిందెవరో మా ఇద్దరికీ తెలుసు.

పేరు చదివి మనిషిని తేల్చుకోవడం మా సీమకు కొత్తేం కాదు. 2022 మే 24న అమలాపురంలో ఒక పేరు గురించే మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టారని. ఆ రాత్రి వార్త రాస్తూ నాకు మా నానీ గుర్తొచ్చింది. ఆమెకు ఆ పుస్తకం రాసిన మనిషి బ్రాహ్మల ఆడపడుచని ఎవరైనా చెప్పి ఉంటే నా ముర్రుపాలు మట్టిలో పోసేవాళ్లే. అమ్మ అందుకే చెప్పలేదు. ఒక అబద్ధం మీద నేను బతికాను. ఇది చెప్పుకోవడానికి గర్వంగా లేదు. సిగ్గుగానూ లేదు.

మొన్న బక్రీద్‌కు అందరం కలిశాం. అమ్మకు డెబ్భై దాటాయి. మా డాక్టరు ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి, కుర్చీలో కాళ్లు ముడుచుకుని తిరగేసింది. పేజీలు గోధుమ రంగుకు తిరిగి, అంచులు రాలుతున్నాయి. కొన్నిచోట్ల అమ్మ పెన్సిలు గీతలు. “నానీ, వీటిల్లో కొన్ని ఇప్పుడు మేం చెప్పం. మారిపోయాయి” అంది.

“మారితే మారనీ. అప్పుడు మాకు ఇంకెవరు చెప్పారు?” అంది అమ్మ.

“నాకిచ్చెయ్యి నానీ, బైండు చేయించి పెట్టుకుంటాను.”

అమ్మ దాని చేతిలోంచి పుస్తకం తీసుకుంది. షరారా మడత విప్పి, కింద పెట్టి, పెట్టె మూసింది. “నేను పోయాక తీసుకో. ముందు అన్నం తిను, చల్లారిపోతోంది.”